లివర్ ఉన్నచోట నూనె రాసే ముందు

మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు హైదరాబాదు నుంచి వస్తూ వాళ్ళ నాన్నకి, అంటే మా మామయ్యగారికి, బొటనవేలంత సీసా ఒకటి తెచ్చింది. మూత తీస్తే చిన్న గుండు ఉంటుంది, ఒంటి మీద దొర్లిస్తే నూనె అంటుకుంటుంది. కుడివైపు పక్కటెముకల కింద రోజూ రెండుసార్లు రాస్తే లివర్ శుభ్రపడుతుందని దాని మీద అచ్చేశారు. మామయ్యగారికి 68 ఏళ్ళు. ఆరేళ్ళ కిందట ఫ్యాటీ లివర్ అన్నారు, ఇప్పుడు సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయే జబ్బు, మొదటి దశ. ఆయన ఆ సీసా నా చేతిలో పెట్టి, "ఏమ్మా, నువ్వు ఊఁ అంటేనే రాసుకుంటా" అన్నారు.

తెనాలిలో నాది మందుల షాపు. పంతొమ్మిదేళ్ళుగా ఆ కౌంటర్ వెనకే ఉన్నాను. ఇలాంటి సీసాలు పట్టుకొచ్చి "మేడమ్, ఇది రాస్తే లివర్ క్లీన్ అవుద్దంట కదండీ" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. వద్దని ఒక్క మాటతో పంపేస్తే ఇంటికెళ్ళి రాసుకుంటారు, ఇంకో రెండు చుక్కలు ఎక్కువే వేసుకుంటారు. అందుకని నేను స్టూలు చూపించి కూర్చోబెట్టి, రాస్తే దేనికి రాయాలో, ఎంత కలపాలో, ఎవరు ముట్టుకోకూడదో చెప్పి పంపుతాను. ఆ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు ప్రశ్న. చర్మం మీద రాసింది లోపలికి వెళ్తుందా?

వెళ్తుంది, కొంత. ఎం.ఫార్మ్‌లో నా ప్రాజెక్టే అది. ఫ్రాంజ్ సెల్ అని ఒక గాజు పరికరం ఉంటుంది. పైన ఒక గది, కింద ఒక గది, మధ్యలో చర్మం ముక్క బిగిస్తాం. మేము పంది చెవుల చర్మం వాడేవాళ్ళం. తెల్లారుజామునే మాంసం కొట్టుకి వెళ్ళి ఆ చెవులు తెచ్చే డ్యూటీ నాది. మా అత్తగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు. పై గదిలో మందు వేసి, కింద గదిలో ద్రవాన్ని గంటగంటకీ కాస్త తీసి, ఎంత దిగిందో కొలిచేవాళ్ళం. ఆ ఆర్నెల్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, చర్మం పైపొర గొప్ప కాపలాదారు. చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సందుల్లో కొవ్వు సున్నంలా పూసి ఉంటుంది. నీళ్ళలో కరిగేవి ఆ కొవ్వు దగ్గర ఆగిపోతాయి. పెద్ద అణువులూ ఆగిపోతాయి. అణుభారం 500 దాటితే చర్మం దాటడం కష్టమని మా రంగంలో ఒక లెక్క ఉంది.

సుగంధ తైలాలు, అంటే ఎసెన్షియల్ ఆయిల్స్, ఈ లెక్కలో సులువుగా పాసవుతాయి. నిమ్మ తొక్కలోని లిమొనీన్ అణుభారం 136. లావెండర్‌లోని లినలూల్ 154. పుదీనాలోని మెంథాల్ 156. చిన్నవి, పైగా కొవ్వులో కరిగేవి. ఆముదం అలా కాదు. ఆముదంలో ముఖ్యమైన కొవ్వు అణువు బరువు 930 దాటుతుంది. గుడ్డని ఆముదంలో తడిపి లివర్ మీద కట్టుకుని పడుకోమని వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ఆ గుడ్డ తీసేసరికి ఆముదం ఎక్కువ భాగం గుడ్డకీ దుప్పటికీ అంటుకుని ఉంటుంది తప్ప లివర్‌కి చేరదు. వెచ్చగా హాయిగా ఉంటుందంటే కాదనను. మా అమ్మమ్మ కడుపునొప్పికి ఆముదం రాసి తమలపాకు వెచ్చచేసి వేసేది, నొప్పి తగ్గేది. లివర్ కోసమని మాత్రం ఆవిడ ఎప్పుడూ అనలేదు.

1992లో వియన్నా పరిశోధకులు ఒక పని చేశారు. 2 శాతం లావెండర్ తైలం కలిపిన వేరుశనగ నూనెతో పొట్ట మీద పది నిమిషాలు మర్దనా చేసి, తర్వాత రక్తం తీసి చూశారు. సుమారు 20 నిమిషాలకి లావెండర్ అణువులు రక్తంలో బాగా కనిపించాయి. గంటన్నరకల్లా దాదాపు మాయమయ్యాయి. నూనెలు అమ్మేవాళ్ళు ఈ ప్రయోగంలో మొదటి సగమే చెబుతారు. రెండో సగం అడగండి. ఎక్కడికి పోయాయవి? కొంత ఊపిరితో బయటికి పోతుంది. మిగతాది లివర్ చేతిలో పడుతుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం లివర్ గుండా పారుతుంది. ఒంట్లోకి వచ్చిన ఇలాంటి కొవ్వు అణువుని విరగ్గొట్టి, నీళ్ళలో కరిగేలా మార్చి, మూత్రంలోకి పంపే పని దానిదే. అంటే మనం రాసిన తైలం లివర్‌కి వెళ్ళేది దానికి సాయం చెయ్యడానికి కాదు, దానిచేత ఇంకో పని చేయించుకోవడానికి.

కుడి డొక్కలో రాసినా, మోకాలికి రాసినా కలిసేది అదే రక్తంలో. చర్మం కింద నుంచి లివర్‌కి విడిగా గొట్టం ఏమీ లేదు. అరికాళ్ళకి రాస్తే నేరుగా లివర్‌కే పోతుందని మా వీధిలో ఒకాయన వాదిస్తాడు. ఒంట్లో అన్నిటికన్నా మందమైన చర్మం అరికాలిదే అని చెబితే, "మీ ఇంగ్లిష్ మందులోళ్ళు ఇంతేనమ్మా" అని నవ్వేసి వెళ్ళిపోతాడు.

చర్మం ద్వారా మందు ఇవ్వడం అబద్ధం కాదు. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీకి అమెరికాలో 1979లోనే అనుమతి వచ్చింది. సిగరెట్ మానేవాళ్ళకి నికోటిన్ పట్టీలు ఉన్నాయి. కాకపోతే అవి ఒకే మందు, కొలిచిన మోతాదు, గంటకి ఇంత అని లెక్కగా దిగుతాయి. సీసాలో నూనెకి ఆ లెక్క లేదు, లివర్‌ని బాగుచేసే గుణం ఉందని రుజువూ లేదు.

మరి నేనెందుకు నూనె కలుపుతున్నాను? మామయ్యగారి కోసమే. లివర్ జబ్బు ఉన్నవాళ్ళ రాత్రుళ్ళు ఎలా ఉంటాయో ఇంట్లో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పైత్యరసం సరిగ్గా పారనప్పుడు ఒళ్ళంతా దురద. సాయంత్రం మొదలై రాత్రికి ముదురుతుంది, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్ళలో. పైకి దద్దురు ఉండదు, ఏమీ కనపడదు. చర్మం పొడిబారి గోళ్ళు తగిలితే చారలు పడతాయి. నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే తిండి సయించదు. ఇక్కడ నూనె పనికొస్తుంది. అది పనిచేసేది చర్మం దగ్గరే. లివర్ దాకా పోనక్కర్లేదు, ఎంత తక్కువ పోతే అంత మంచిది. మెంథాల్ చల్లగా అనిపించడానికి కారణం చర్మంలోని నరాల కొసల్లో చలిని పసిగట్టే ఒక గ్రాహకం. మెంథాల్ దాన్ని మీటుతుంది. ఆ గ్రాహకాన్ని 2002లో కనిపెట్టినవాళ్ళలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఉన్నారు. వాళ్ళిద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. చల్లదనం కబురు వెళ్తుంటే దురద కబురు కాస్త వెనకబడుతుంది. ఆ సాయం నాకు చాలు.

కలపకముందే చూసుకోవాల్సినవి

సీసా ముందు కాదు, రిపోర్టు ముందు. లివర్ ఫంక్షన్ టెస్టు, స్కానింగ్ రెండూ ఆర్నెల్ల లోపువి చేతిలో ఉండాలి. మామూలు ఫ్యాటీ లివర్ ఉండి మిగతా అంతా బావుంటే కింద చెప్పే పలుచని నూనెతో పేచీ లేదు. సిర్రోసిస్ అయితే మీ డాక్టరుకి చెప్పి, ఇంకా పలుచగా వాడాలి. పొట్టలో నీరు చేరినవాళ్ళకి, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్ళకి, స్ప్లీన్ పెరిగినవాళ్ళకి పొట్ట మీద మర్దనా అసలు చెయ్యకూడదు. కమిలిపోతుంది, లోపల రక్తస్రావానికీ దారి తీయవచ్చు. లివర్ మార్పిడి అయినవాళ్ళు తమ టీమ్‌ని అడక్కుండా ఏదీ రాయకూడదు. గర్భిణికి చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్ళు దురద పెడితే అది నూనె రాసి ఊరుకునే దురద కాదు. వెంటనే పరీక్ష చేయించాలి, బిడ్డకి ప్రమాదం ఉంటుంది.

పసిపిల్లల దగ్గరికి కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం రానీయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసివాళ్ళకి మెంథాల్, కర్పూరం, బట్టల్లో వేసే కలరా ఉండలు ఎర్రరక్తకణాలు విరిగి కామెర్లు వచ్చేలా చెయ్యగలవు. మా దగ్గర చాలామంది పుట్టిన బిడ్డకి పెట్టెలో దాచిన పాత బట్టలు తొడుగుతారు. ఉతికి ఎండలో ఆరేసి తొడగమని ప్రతి బాలింత ఇంటికీ చెబుతాను.

కళ్ళు పచ్చబడితే నూనె సంగతి పక్కన పెట్టండి. మా వైపు కామెర్లకి పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం ఇంకా ఉంది. హెపటైటిస్-ఎ లాంటిది చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది. పైత్యరసం పారే దారిలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లకీ అదే పసరు పోయించి రెండు వారాలు పోగొట్టుకున్నవాళ్ళని నా కౌంటర్ దగ్గరే చూశాను.

ఇంకొక్కటి, ఇది చాలామంది పట్టించుకోరు. సిర్రోసిస్ ఉన్న మనిషి పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుని ఉంటున్నాడంటే, మాట తడబడుతోందంటే, చేతులు చాపితే రెపరెపలాడుతున్నాయంటే, అది నిద్ర సమస్య అనుకుని లావెండర్ రాసి ఊరుకోకండి. లివర్ వడకట్టలేని మలినాలు మెదడుకి చేరుతున్నాయన్న గుర్తు కావచ్చది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏ సీసా కొనాలి

సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి. లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం ఉండాలి. ఉత్త "లావెండర్ ఆయిల్" అని ఉంటే చాలదు, లావెండ్యులా అంగుస్టిఫోలియా అని ఉండాలి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉంటే అది అగరొత్తులకీ కొవ్వొత్తులకీ వాడే వాసన, ఒంటికి పనికిరాదు. మన దేశంలో పండేది ఎక్కువగా మెంథా ఆర్వెన్సిస్ అనే పుదీనా. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ వైపు పొలాలకి పొలాలు అదే. దాని నూనెలో మెంథాల్ చాలా ఎక్కువ. పెప్పర్‌మింట్ వేరు, అది మెంథా పైపెరీటా. రెండిట్లో ఏదైనా ఫరవాలేదు కానీ ఏది కొన్నారో తెలియాలి. ఆర్వెన్సిస్ అయితే ఒక చుక్క తగ్గించండి.

ఈ తైలాల గురించి నేర్చుకోవాలనుకునే రైతులెవరైనా ఉంటే, హైదరాబాదు బోడుప్పల్‌లో సీమాప్, అంటే ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, వాళ్ళ పరిశోధన కేంద్రం ఉంది. నిమ్మగడ్డి, పామరోజా లాంటి పంటల మీద వాళ్ళు పనిచేస్తారు.

పది మి.లీ సీసా కన్నా పెద్దది కొనకండి. గాలి తగిలేకొద్దీ లిమొనీన్, లినలూల్ పాడై చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. నిమ్మ జాతి తైలాలు మరీ తొందరగా పాడవుతాయి. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో, పిల్లల చెయ్యి అందని పై అరలో పెట్టండి.

లివర్ బాగోలేని ఇంట్లోకి నేను రానివ్వనివి కొన్ని ఉన్నాయి. మొదటిది పెన్నీరాయల్ తైలం. అదీ పుదీనా జాతే. దాంట్లో పులెగోన్ అనేది ఉంటుంది, లివరే దాన్ని ఇంకా విషపూరితమైన పదార్థంగా మారుస్తుంది, ఆ విషానికి లివరే బలవుతుంది. 1978లో అమెరికాలోని కొలరాడోలో 18 ఏళ్ళ అమ్మాయి సుమారు 30 మి.లీ తాగి లివర్ పాడై చనిపోయింది. రెండోది లవంగ నూనె. పంటికి దూదితో తాకించడం వేరు, కానీ లవంగ నూనె కాస్త తాగేసిన చిన్నపిల్లలకి లివర్ దెబ్బతిని, పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు ఇచ్చే విరుగుడు మందే ఇవ్వాల్సి వచ్చిన కేసులున్నాయి. మూడోది వింటర్‌గ్రీన్. అది ఆస్పిరిన్‌కి చుట్టం. రక్తం పలచబడే వార్‌ఫరిన్ వాడేవాళ్ళకి దాన్ని ఒంటికి రాసినా రక్తం ఇంకా పలచబడుతుంది. దాల్చిన చెక్క తైలం చర్మాన్ని కాల్చేస్తుంది.

ఏ తైలమైనా నోట్లోకి వద్దు. నీళ్ళలో ఒక చుక్క వేసుకుని తాగమని చెప్పేవాళ్ళని నమ్మకండి.

చుక్కల లెక్క

ఇక్కడే నేనూ ఒకసారి తప్పు చేశాను. పెళ్ళయిన కొత్తలో, చదువు పూర్తయిన పొగరుతో, మా అమ్మ మోకాళ్ళ కోసం నిమ్మగడ్డి తైలం కలిపాను. 30 మి.లీ కొబ్బరి నూనెలో 30 చుక్కలు. గుర్తుపెట్టుకోడానికి సులువుగా ఉంటుందని! మర్నాటికి అమ్మ మోకాళ్ళు ఎర్రగా కంది, చిన్న చిన్న పొక్కులు. లెక్కేస్తే అది 5 శాతం. నిమ్మగడ్డి తైలంలో నూటికి డెబ్బై, ఎనభై పాళ్ళు సిట్రాల్ ఉంటుంది కాబట్టి 0.7 శాతం దాటకూడదని పుస్తకం చెబుతుంది. నేను ఏడింతలు వేశాను. "గడ్డే కదే, ఏం చేస్తుందిలే" అని అమ్మే నన్ను ఓదార్చింది.

లెక్క ఇది. ఒక మి.లీకి సుమారు 20 చుక్కలు. 30 మి.లీ నూనెలో 6 చుక్కలు వేస్తే 1 శాతం. 3 చుక్కలు వేస్తే అర శాతం. ఆరోగ్యవంతులకి, మామూలు ఫ్యాటీ లివర్ వాళ్ళకి 1 శాతం దాటొద్దు. సిర్రోసిస్ ఉంటే అర శాతం. డ్రాపర్లన్నీ ఒక్కలా ఉండవు, ఇన్సులిన్ సిరంజితో కొలిస్తే ఇంకా మంచిది. సూది తీసేసి వాడండి. 40 యూనిట్ల సిరంజి మీద 6 యూనిట్లు అంటే 0.15 మి.లీ, అంటే మూడు చుక్కలు.

లోపలికి ఎంత పోతుందో కూడా చూడండి. ఒక రాత్రి కాళ్ళకీ చేతులకీ 5 మి.లీ నూనె పడుతుంది. అర శాతమైతే దాంట్లో తైలం అర చుక్క. ఆ అర చుక్కలో కొంత గాల్లోకి పోతుంది, కొంత బట్టలకి. లివర్‌కి చేరే భాగం దాని పనిలో లెక్కలోకి రాదు. నాకు కావలసింది అదే.

దురదకి, నిద్రకి నేను కలిపే నూనె

దురదకైతే కొబ్బరి నూనె 30 మి.లీ, పెప్పర్‌మింట్ మూడు చుక్కలు. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడుతుంది కాబట్టి అప్పుడు గానుగ నువ్వుల నూనె వాడతాను. వేయించిన నువ్వుల నుంచి తీసింది కాదు, పచ్చిగా ఆడించింది. నిద్రకైతే నువ్వుల నూనెలో లావెండర్ మూడు చుక్కలు. రెండూ కలిపి వెయ్యను. ఏదైనా పడకపోతే ఏది పడలేదో తెలియాలి కదా.

వికారం ఉంటే ఒంటికి రాయడం ఎందుకు? చేతిరుమాలు మీద ఒక చుక్క పెప్పర్‌మింట్ వేసి దూరం నుంచి వాసన చూస్తే చాలు. మా ఇంట్లో అమృతధార సీసా ఎప్పుడూ ఉంటుంది. పిప్పర్మెంటు పువ్వు, వాము పువ్వు, కర్పూరం, మూడు గట్టి పదార్థాలు కలిపితే నీరైపోతాయి. ప్రాక్టికల్స్‌లో మొదటిసారి చూసినప్పుడు గారడీ అనిపించింది. కానీ దాన్ని పలచన చేయకుండా పొట్ట మీద రాసేవాళ్ళున్నారు. వద్దు, అది కర్పూరం ముద్ద రాసుకున్నట్టే.

కలిపిన రోజు ఒక చుక్క మోచేతి మడత లోపల రాసి, కడక్కుండా 24 గంటలు, కుదిరితే 48 గంటలు చూడండి. కందినా మండినా దద్దురు వచ్చినా ఆ నూనె వద్దు. మండితే నీళ్ళు పోయకండి, ముందు ఉత్త కొబ్బరి నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. తైలం నీళ్ళతో పోదు.

రాసే పద్ధతి. రాత్రి గోరువెచ్చని నీళ్ళతో స్నానం, వేడినీళ్ళు వద్దు, దురద పెరుగుతుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. చర్మంలో ఇంకా కాస్త తడి ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లోపే, నూనె రాయండి. ఆ తడిని నూనె పట్టి ఉంచుతుంది. అసలు మేలు సగం ఇక్కడే ఉంది, తైలం లేకపోయినా ఉంటుంది. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి, అరచేత్తో, బరువు వెయ్యకుండా. మామయ్యగారికి మా ఆయన రాస్తారు. నలుగు పెట్టినంత గట్టిగా రాయబోతే నేను వెనకనుంచి అరుస్తుంటాను. గీరుకుని పుండు పడ్డ చోట రాయకూడదు. కళ్ళ దగ్గర, ముక్కు దగ్గర వద్దు. పొట్ట మీద ఆయనకి రాయం.

రాశాక పైన వేడి కాపడం పెట్టకండి, ప్లాస్టిక్ చుట్టకండి, బిగుతు కట్టు కట్టకండి. వేడి తగిలినా, గాలి ఆడకుండా మూసినా తైలం ఇంకా ఎక్కువగా లోపలికి దిగుతుంది. ప్రాజెక్టులో మేము కావాలని చేసిందే అది. ఇంకో సంగతీ అక్కడే నేర్చుకున్నాను. మెంథాల్, లిమొనీన్, నీలగిరి తైలంలోని సినియోల్ చర్మంలోని ఆ కొవ్వు సున్నాన్ని వదులు చేసి, వెనకాల వచ్చే మందుల్ని కూడా లోపలికి తోసేస్తాయి. కాబట్టి నొప్పికి డైక్లోఫినాక్ జెల్ రాసిన చోట, మందు పట్టీ అంటించిన చోట ఈ నూనె రాయకూడదు. అసలు సిర్రోసిస్ ఉన్నవాళ్ళు ఆ నొప్పి మందులు డాక్టర్ని అడిగే వాడాలి.

నిమ్మ, బెర్గమాట్ లాంటి తొక్క పిండి తీసిన తైలాలు రాస్తే పన్నెండు గంటలు ఎండ తగలకూడదు, చర్మం కాలి మచ్చలు పడతాయి. పొలం పనికి వెళ్ళేవాళ్ళకి నేను అవి ఇవ్వనే ఇవ్వను.

దురద నూనెకి లొంగకపోతే కొలెస్టిరమైన్ అని పొడి మందు ఉంది. డాక్టర్లు సాధారణంగా ముందుగా రాసేది అదే. నీళ్ళలో కలుపుకుని తాగాలి. కాకపోతే అది మిగతా మందుల్ని కూడా పేగుల్లో పట్టేసుకుంటుంది, అందుకని వేరే మాత్రలు దానికి గంట ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఈ మాట చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చేసే షాపులు ఉన్నాయి, అడిగి తెలుసుకోండి.

నిజంగా లివర్ కోసం అయితే

ఇది చెప్పకుండా పంపితే నా మనసు ఒప్పుకోదు. ఫ్యాటీ లివర్‌కి అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది బరువు తగ్గడం. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, 7 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 శాతం తగ్గితే గట్టిపడిన భాగం కూడా చాలామందిలో మెత్తబడింది. 82 కిలోల మనిషికి 7 శాతమంటే 6 కిలోల లోపే. తాగుడు మానాలి, పూర్తిగా. "వారానికి ఒక్కసారే కదమ్మా" అనే బాబాయిలు చాలామంది నా దగ్గరికి వస్తారు. సిర్రోసిస్ ఉంటే ఆ ఒక్కసారి కూడా వద్దు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, మొదటి రోజు, నెలకి, ఆరు నెలలకి. కాఫీ తాగేవాళ్ళ లివర్ మెరుగ్గా ఉంటోందని చాలా పరిశీలనల్లో కనిపించింది. ఇది విన్నాక మామయ్యగారు రెండో గ్లాసు అడగడం మొదలుపెట్టారు. చక్కెర లేకుండా అయితే సరేనన్నాను, ముఖం ముడుచుకున్నారు.

కలిపిన నూనె సీసా మీద తేదీ రాసిపెట్టండి. రెండు నెలలు దాటితే పారబొయ్యండి, సింకులో కాదు, పాత కాగితంలో పీల్చి చెత్తలో. పాడైన నూనె వాసన వస్తే అంతకన్నా ముందే. ఒళ్ళు కందినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి తిరిగినా, మలం తెల్లగా వచ్చినా, కాళ్ళు వాచినా నూనె ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ సీసా కూడా పట్టుకెళ్ళండి.

ఆడపడుచు తెచ్చిన సీసా మీద మొక్క పేరూ లేదు, ఎంత శాతమో లేదు. దాని బదులు అర శాతం పెప్పర్‌మింట్ కలిపి మామయ్యగారికి ఇచ్చాను. మొదటి వారం ఏమీ తేడా లేదన్నారు. స్నానమయ్యాక వెంటనే రాయడం మొదలుపెట్టాక రాత్రి పన్నెండుకి లేచి కూర్చోవడం కాస్త తగ్గింది. గుంటూరులో ఆయన్ని చూసే డాక్టరుకీ చెప్పాం, పొట్ట మీద వద్దని ఆయనా అన్నారు. ఆ గుండు సీసా మాత్రం కూతురు తెచ్చిందని ఇప్పటికీ మామయ్యగారి టేబుల్ మీదే ఉంది. మూత తియ్యరు, పారెయ్యనివ్వరు.